లూయీ బ్రెయిల్: ప్రక్కన కూర్చున్నవాని వంతు

మన డయోసిస్ శతవార్షికోత్సవ సందర్భమున ఎందరో దైవజనుల జీవితములను ఈ సంచికలో మీరు చదువుచున్నారు. మేము వ్రాయదలచిన వ్యక్తి మన ప్రాంతమువాడు కాదు, మన దేశమువాడును కాదు. అయినను సండేస్కూలులో పిల్లలకు బోధించే మాకు ఆయన జీవితము ఒక పాఠము నేర్పింది గనుక దానిని సంఘస్థులతో పంచుకొనుట మంచిదని తలచాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతికి చూపులేని ఒక బాలుడు వచ్చేవాడు. వానిని వేరుగా కూర్చోబెట్టలేదు, అందరితోపాటే చాపమీద కూర్చోబెట్టాము. కంఠత వాక్యములు అందరికంటె ముందుగా అప్పజెప్పేవాడు. కాని పిల్లలచేత వరుసగా బైబిలు చదివించే సమయమున వాని వంతు రాగానే మేము వానిని దాటి ప్రక్కపిల్లవానికి వెళ్లేవారము. వానిని ఇబ్బందిపెట్టకుండుటే దయ అనుకొన్నాము. కొంతకాలమునకు ఆ బాలుడు రావడం మానుకొన్నాడు. ఎందుకు మానినాడో లూయీ బ్రెయిల్ చరిత్ర చదివిన తరువాత మాకు కొంత బోధపడింది.

లూయీ 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశములో, పారిస్ నగరమునకు తూర్పున దాదాపు 40 కిలోమీటర్ల దూరములోనున్న కూప్‌వ్రే గ్రామములో జన్మించాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రపు జీనులు, కళ్లెములు కుట్టేవాడు. తల్లి పేరు మోనిక్. నలుగురు బిడ్డలలో లూయీ చివరివాడు. మూడేళ్ల వయస్సులో తండ్రి పనిశాలలో ఆడుకొంటూ తోలు కోసే పనిముట్టుతో కంటికి గాయము చేసుకొన్నాడు. ఆ గాయము చీముపట్టి రెండవ కంటికి కూడ ప్రాకింది. ఐదేళ్లు వచ్చేసరికి రెండు కన్నులును పూర్తిగా పోయాయి.

ఆ కాలములో అట్టి బిడ్డలకు తరచుగా మిగిలేది వీధిలో బిచ్చమెత్తుటే. ఆ తల్లిదండ్రులు మాత్రము అందుకు ఒప్పుకోలేదు. తండ్రి వానికి చేతికర్రలు చెక్కి ఇచ్చి ఊరంతా తిరుగుట నేర్పించాడు. మేకులు అక్షరముల ఆకారములో దిగగొట్టి, వ్రేళ్లతో తడిమి గుర్తుపట్టే విధము చూపించాడు.

ఆ ఊరి గుడికి ఝాక్ పల్లుయీ అను గురువు క్రొత్తగా వచ్చారు. ఆయన ఈ బాలుని తెలివిని గమనించి మొదట తానే పాఠములు చెప్పారు. అంతటితో ఆగక, ఊరి బడిపంతులు ఆంత్వాన్ బెషెరేను అడిగి, చూపున్న పిల్లలతోపాటు ఆ బడిలోనే చేర్పించారు. రెండు వందల ఏండ్ల క్రిందట ఒక పల్లెటూరి బడిలో ఇది జరిగింది! లూయీ పాఠములు విని జ్ఞాపకముంచుకొని తరగతిలో ముందువరుసలో నిలిచాడు. కాని తోటివారు పుస్తకము తెరచినప్పుడును, వ్రాయుటకు పూనుకొన్నప్పుడును వాని చేతులు ఖాళీగా ఉండేవి. తరగతిలో చోటు దొరికింది గాని చేతికి పుస్తకము దొరకలేదు.

పల్లుయీ గురువుగారే ఊరి ప్రభువు సహాయముతో, 1819 ఫిబ్రవరిలో, లూయీని పారిస్‌లోని అంధబాలుర పాఠశాలకు పంపించారు. వాలెంటిన్ హావీ 1785లో స్థాపించిన ఆ పాఠశాలలో మామూలు అక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చువేసిన పుస్తకములు కొద్దిగా ఉండేవి. అవి మిక్కిలి పెద్దవి, బరువైనవి. ఒక్కొక్క అక్షరమును తడిమి వాక్యము చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోయేంత ఆలస్యమయ్యేది. పైగా ఆ విధముగా తామే స్వయముగా వ్రాసుకొనుట సాధ్యము కాదు.

1821లో షార్ల్ బార్బియే అను మాజీ సైనికాధికారి పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి ఆ పాఠశాలకు తెచ్చారు. అది అక్షరములను గాక శబ్దములను సూచించేది. విరామచిహ్నములు లేవు. ఒక గుర్తు వ్రేలికొనకు ఒక్కసారిగా అందేది కాదు. బాలుడైన లూయీ దానిని పట్టుకొని, చుక్కలను ఆరింటికి తగ్గించి, 1824 నాటికి, అనగా పదిహేనేళ్లకే, తన లిపిని రూపొందించాడు. ఆరు చుక్కల కలయికతో 63 గుర్తులు వస్తాయి. ప్రతి గుర్తును వ్రేలికొన క్రింద ఇముడుతుంది. 1829లో ఆ పద్ధతి పుస్తకముగా వెలువడింది. సంగీతమునకు కూడ దానిని వర్తింపజేశారు.

తరువాత లూయీ ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యారు, పారిస్‌లోని ఒక గుడిలో ఆర్గన్ వాయించారు. అయితే ఆయన లిపికి సులువుగా ఆదరణ దొరకలేదు. 1840లో వచ్చిన అధికారి కొన్నేళ్లు దానిని నిషేధించారు. చూపున్నవారు చదువలేని లిపి అంధులను లోకమునుండి మరింత వేరుచేస్తుందని పెద్దల వాదన. పిల్లలు మాత్రము చాటుగా ఆ చుక్కలతోనే వ్రాసుకొన్నారు.

ఆ వాదనలో కొంత నిజమున్నదని లూయీకి తెలుసు. అందుకే 1839లో చుక్కలతోనే మామూలు అక్షరముల ఆకారములను వ్రాసే మరొక పద్ధతిని ప్రకటించారు. దానితో చూపులేని బిడ్డ ఇంటికి జాబు వ్రాస్తే చూపున్న తల్లి చదువుకొనవచ్చును. తమకంటూ ఒక లిపి ఉండవలెను, తోటివారితో సంబంధము తెగకూడదు. ఈ రెంటిలో ఏదియు విడువకుండుటే ఆయన జీవితములో మేము చూచిన గొప్పతనము.

క్షయవ్యాధి ఆయనను చాలా ఏండ్లు బాధించింది. 43 ఏండ్లు నిండిన రెండు రోజులకు, 1852 జనవరి 6న, ఆయన కన్నుమూశారు. రెండేండ్లకు, 1854లో, ఫ్రాన్సులో ఆయన లిపికి అధికారిక ఆమోదము లభించింది. 1952లో ఆయన అవశేషములను పారిస్‌లోని పాంథియోన్‌కు తరలించినప్పుడు, ఆ చేతులను మాత్రము కూప్‌వ్రేలోనే ఉంచారు.

ఆ ఆరు చుక్కలు మన తెలుగుకు కూడ వచ్చాయి. 1951లో భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా భారతీ బ్రెయిల్ ఏర్పడింది. వికలాంగులైన పిల్లలను మామూలు బడులలో చేర్చుకొనుటకు 1974లో కేంద్ర ప్రభుత్వము ఒక పథకము ఆరంభించింది. 2016 నాటి చట్టము అందరితో కలిపి చదివించుటను ప్రభుత్వ సహాయము, గుర్తింపు పొందిన విద్యాసంస్థల బాధ్యతగా చేసింది. బ్రెయిల్, సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులను నియమించమని కూడ చెప్పింది.

చట్టము వచ్చినంత మాత్రమున తరగతిలో మార్పు రాదని మా అనుభవము చెబుతుంది. పల్లుయీ గురువు చేసినట్లు మేము కూడ తలుపు తెరిచాము. కాని లూయీ చేసిన రెండవ పని, చేతికి పుస్తకమిచ్చే పని, మేము చేయలేదు. ప్రక్కన కూర్చోబెట్టి వంతు తప్పించుట కూడ ఒక విధముగా వెలివేయుటే.

ప్రియ సంఘస్థులారా, చూపులేని బిడ్డగాని, వినికిడి లేని బిడ్డగాని, నడవలేని బిడ్డగాని మీ ఇంట ఉంటే మా తరగతికి పంపించండి. ఆ బిడ్డకు ఏమి అవసరమో ముందుగా మాకు చెప్పండి. పుస్తకమైతే పుస్తకము, మెట్లదగ్గర వాలుదారియైతే వాలుదారి, సంఘ నిధినుండి సమకూర్చుట మన పని. మానివేసిన ఆ బాలుని ఇంటికి కూడ మేము వెళ్లదలచాము. వాడు తిరిగి వస్తే, ఈసారి వాని వంతు దాటిపోము.