లెక్క దాచని మనీషి - లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

ఇంగ్లండు దేశమందలి న్యూకాసిల్ నగరమున 1881వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, తోళ్లు పదును చేయు వ్యాపారము గల గృహస్థుని ఏడుగురు బిడ్డలలో కడపటివాడుగా లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ జన్మించెను. వారిది క్వేకరు మతము. ఏ కారణముచేతను యుద్ధము కూడదనుట ఆ మతమునకు మూలసూత్రము.

కేంబ్రిడ్జిలో విద్య ముగించిన పిదప, 1906లో పీటు అనెడు చిత్తడినేల ఇంధనమును త్రవ్వు సంస్థలో రసాయనజ్ఞుడుగా చేరెను. ఆ నేలలోని నీరు దిగిపోవుటకు కాలువలెట్లు త్రవ్వవలెననునది అచటి ప్రశ్న. నీటి నడకను తెలుపు సమీకరణములు కలవు గాని, వానినుండి జవాబు రాబట్టు సూత్రము లేదు. మొదట చేతిగీతలతోను, పిదప అంకెలతోను రిచర్డ్‌సన్ దారి వెదకెను. క్షేత్రమును చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడి అంకెను ఇరుగుపొరుగు గళ్ల అంకెలతో సరిచూచుచు, క్రమముగా సత్యమునకు చేరువగుట ఆ మార్గము. 1910లో దానిని రాతి ఆనకట్టలోని ఒత్తిడులకు వర్తింపజేసి ప్రకటించెను. గణించిన బాలురకు లెక్కకింతయని కూలి ముట్టెను. తప్పిన లెక్కకు కూలి లేదు.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన ఆయుధము పట్టక, 1916 మొదలు 1919 వఱకు ఫ్రాన్సులో క్షతగాత్రుల బండి నడపెను. విశ్రాంతివేళ ఎండుగడ్డి కుప్పయే కచేరీగా, 1910 మే 20వ తేదీ వాతావరణమును ఆఱువారములు గణించెను. వ్రాతప్రతి 1917లో పోయి, కొన్ని నెలలకు బెల్జియములో బొగ్గుకుప్పక్రింద దొరకెను. ఆఱుగంటలలో గాలి ఒత్తిడి 145 మిల్లీబారులు పెరుగునని లెక్క తేలెను; నిజమునకు అది ఇంచుమించు కదలనే లేదు. అయినను ఆయన ఆ తప్పును దాచక, 1922లో తన గ్రంథమున యథాతథముగా అచ్చొత్తించెను. ఆరంభాంకెలలోని పొసగమిని సవరించినచో ఫలితము సరిపడునని తరువాతివారు నిరూపించిరి.

ఆ గ్రంథముననే నేలలోని తడి నడకకును సమీకరణము కలదు. తడి తగ్గినకొలది నీటిని పోనిచ్చు శక్తియు నేలకు తగ్గును గనుక ఆ చిక్కు సులభముగా వీడదు. 1931లో మరల ప్రకటించిన రిచర్డ్స్ పేరనే అది ప్రసిద్ధమైనది. ఎరువులును విషలవణములును నీటితో దిగుచు, కొంత మట్టిరేణువులకు అంటి నిలుచు తీరును నేడు యంత్రములతో గణించువారును గళ్ల మార్గమునే అనుసరించుచున్నారు.

వాతావరణశాఖ 1920లో వైమానిక మంత్రిత్వశాఖకు లోబడగా, ఆయన కొలువు విడిచి బోధనవృత్తి చేపట్టెను. పిమ్మట యుద్ధకారణములను గణితముచే శోధించెను. 1950లో అమెరికాలో విద్యుద్గణన యంత్రముపై ఆయన మార్గమున వాతావరణ గణనము ఫలించెను. ఆ వార్త విని సంతసించి, 1953 సెప్టెంబరు 30న స్కాట్లండులో కన్నుమూసెను. తప్పిన లెక్కను చింపివేసి యుండినచో, దానిని దిద్దుటకు తరువాతివారికి ఆధారమే యుండెడిది కాదు.