కలాం మొదలుపెట్టారు.. సైన్యంలో చేరలేదు! త్రిశూల్ క్షిపణి కథ తెలుసా?

అచ్చంపేట: మన దగ్గర నుంచి శ్రీశైలం హైవేపై హైదరాబాద్ వెళ్లే బస్సులు పహాడీ షరీఫ్ దాటే సిటీలోకి వెళ్తాయి. అక్కడికి దగ్గర్లోనే క్షిపణులు డిజైన్ చేసే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. షార్ట్‌గా ఆర్‌సీఐ. దాని వెనుక ఉన్న మనిషి ఏపీజే అబ్దుల్ కలాం. ఆయన గెలుపులు అందరికీ తెలుసు. గెలవని ఓ ప్రాజెక్టు గురించి మాత్రం తక్కువ మందికే తెలుసు.

పైలట్ కావాలనుకుని..

1931 అక్టోబర్ 15న రామేశ్వరంలో పుట్టారు కలాం. మద్రాస్ ఎంఐటీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివారు. ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలన్నది కల. ఉన్నవి 8 పోస్టులు, ఆయనకు వచ్చింది 9వ స్థానం. ఇస్రోలో ఎస్ఎల్‌వీ-3 విజయం తర్వాత 1982 జూన్‌లో హైదరాబాద్ డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు. 1983 జూలై 27న అక్కడే 388 కోట్ల రూపాయల క్షిపణి కార్యక్రమం మొదలైంది. పృథ్వి, అగ్ని, ఆకాశ్, నాగ్, త్రిశూల్.. మొత్తం ఐదు.

త్రిశూల్ ఎందుకంత కష్టం?

శత్రు విమానం నేలకు దగ్గరగా ఎగిరితే కొండలు, గుట్టల చాటున రాడార్‌కు దొరకదు. కనిపించేసరికి చేతిలో ఉండేది కొన్ని సెకన్లే. అందుకే రాడార్, క్షిపణులు ఒకే బండిపై ఉండాలి. ట్యాంకుల వెంట పరుగెత్తాలి. ఆగీ ఆగగానే కాల్చాలి. జామింగ్‌ను తట్టుకోవాలి. రాడార్ పవర్ పెంచితే బండి బరువెక్కుతుంది, బరువెక్కితే ట్యాంకులను అందుకోలేదు. ఇదీ అసలు చిక్కు.

పైగా ఒకే క్షిపణి మూడు దళాలకూ పనికిరావాలి. నేవీకైతే నీళ్లను రాసుకుంటూ వచ్చే క్షిపణులను కూల్చాలి. రేంజ్ 9 కిలోమీటర్లు.

1985 సెప్టెంబర్ 16న శ్రీహరికోట నుంచి త్రిశూల్ తొలిసారి ఎగిరింది. ఆ తర్వాత గైడెన్స్ సమస్యలతో ఏళ్లు గడిచిపోయాయి. నేవీ ఇజ్రాయెల్ బరాక్ కొనుక్కుంది. 2008లో ప్రాజెక్టు అధికారికంగా ముగిసింది.

మరి కష్టమంతా వృథాయేనా?

కాదు. తోటి ప్రాజెక్టు ఆకాశ్ నిలబడింది. హైదరాబాద్ బీడీఎల్‌లో తయారై 2015 మేలో ఆర్మీ చేతికి వచ్చింది. ఇక త్రిశూల్‌ను అడిగిన పని కోసమే క్యూఆర్‌సామ్‌ను రూపొందించారు. కదులుతూనే లక్ష్యాన్ని వెతికి, కాసేపు ఆగి కాలుస్తుంది. రేంజ్ సుమారు 30 కిలోమీటర్లు. భుజాన మోసుకెళ్లగలిగేంత చిన్న క్షిపణి వీషోరాడ్స్‌ను డిజైన్ చేసింది ఆర్‌సీఐనే.

ఆకాశ్ ఆర్మీలో చేరడం కలాం చూశారు. ఆ తర్వాత మూడు నెలలు కూడా గడవకముందే షిల్లాంగ్‌లో విద్యార్థులతో మాట్లాడుతూ కుప్పకూలారు. ఆ రోజు జూలై 27. క్షిపణి కార్యక్రమం మొదలై సరిగ్గా 32 ఏళ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఆ క్షిపణి సముదాయానికి ఆయన పేరే ఉంది.