న్యాయమూర్తి వేటీస్ వేరింగ్

గెలిచిన తీర్పులను లోకం స్మరిస్తుంది. ఓడిన తీర్పును స్మరించడం అరుదు. అటువంటి తీర్పు ఒకటి వ్రాసి, అందుకు తన ఊరినే వదులుకొన్న అమెరికా న్యాయమూర్తి జూలియస్ వేటీస్ వేరింగ్ జీవితాన్ని తోటి విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

వేరింగ్ 1880 జూలై 27న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో జన్మించారు. వారిది తరతరాలుగా అక్కడ పేరుగన్న శ్వేతజాతి కుటుంబం. పూర్వులు బానిసలకు యజమానులు; తండ్రి అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడినవారు. వేరింగ్ 1900లో చార్లెస్టన్ కళాశాలలో పట్టం పొంది, 1902లో న్యాయవాది అయ్యారు. తరువాత నగర పాలకులకు న్యాయ సలహాదారుగా పనిచేశారు. జాతి వివక్షకు బాహాటంగా కొమ్ముకాసిన సెనేటర్ ఎలిసన్ స్మిత్‌కు 1938 ఎన్నికలలో తోడ్పడ్డారు. అరవై ఏళ్ల వయస్సు వరకు ఆయన తన సమాజపు కట్టుబాట్లకు ఎదురు నిలిచినవారు కారు.

1942లో, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ హయాంలో, వేరింగ్ ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి అయ్యారు. ఫెడరల్ చట్టాలకు సంబంధించిన వ్యాజ్యాలు సాధారణంగా మొదట విచారణకు వచ్చేది ఈ న్యాయస్థానాలలోనే. బాధితుని ముఖాన్ని చూచి, సాక్షి మాటను స్వయంగా వినే ఆసనమది. పదవి ఆజీవనం గనుక న్యాయమూర్తి ఓటర్లకు వెరవనక్కరలేదు. 1944లో నల్లజాతి ఉపాధ్యాయుల సమాన వేతనాల వ్యాజ్యంలో వేరింగ్ వారి హక్కును గుర్తించారు.

ఆయనను సమూలంగా కదిలించినది ఐజాక్ వుడర్డ్ ఉదంతం. యుద్ధసేవ ముగించుకొని సైనిక దుస్తులతోనే ఇంటికి బయలుదేరిన ఆ నల్లజాతి యువకుని 1946 ఫిబ్రవరి 12న ఒక పోలీసు అధికారి కొట్టి, రెండు కళ్లూ పోగొట్టాడు. ఆ నవంబరులో వేరింగ్ ఎదుట విచారణ జరిగింది. అందరూ శ్వేతజాతీయులే అయిన జ్యూరీ అరగంటలోపే నిందితుని నిర్దోషిగా తేల్చింది. జ్యూరీ నిర్ణయాన్ని మార్చే అధికారం న్యాయమూర్తికి లేదు. అప్పటినుండి వేరింగ్, ఆయన భార్య ఎలిజబెత్ జాతి సమస్యపై గ్రంథాలను శ్రద్ధగా చదివారు. అరవై ఆరేళ్ల ప్రాయంలో ఆయన మరల విద్యార్థి అయ్యారనడం అతిశయోక్తి కాదు.

1947లో మరొక పరీక్ష వచ్చింది. ఆ రాష్ట్రంలో డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో నెగ్గినవారిదే అసలు గెలుపు. పార్టీ ప్రైవేటు సంఘమనే మిషతో నల్లజాతీయులను ఓటుకు దూరంగా ఉంచేవారు. వేరింగ్ ఆ మిషను త్రోసిపుచ్చారు. మరుసటి ఏడు పార్టీ ఒక ప్రతిజ్ఞను అడ్డుపెట్టగా దానినీ కొట్టివేశారు. ఫలితంగా బంధుమిత్రులు మొగం చాటుచేశారు. మొదటి భార్యకు విడాకులిచ్చి 1945లో మరల వివాహమాడినందున ఆ దూరం అంతకుముందే మొదలయినది. తీర్పులతో అది వెలిగా మారింది. 1950లో ఆయన ఇంటిపై రాళ్లు పడ్డాయి.

అయినను ఆయన వెనుదీయలేదు. క్లారెండన్ కౌంటీలోని నల్లజాతి తల్లిదండ్రులు మొదట అడిగినది పిల్లలకు ఒక బస్సు మాత్రమే. ఆ పోరాటం పాఠశాలల వ్యాజ్యంగా పెరిగినప్పుడు, వేర్పాటునే నేరుగా సవాలు చేయవలసినదిగా న్యాయవాది థర్గుడ్ మార్షల్‌కు వేరింగ్ సూచించారు. న్యాయమూర్తి ఒక పక్షానికి త్రోవ చూపడం ఉచితమా అన్న ప్రశ్న సమంజసమైనదే. ఆయనను గౌరవించేవారు కూడా దానిని దాటవేయరాదు. 1951 మేలో ముగ్గురు న్యాయమూర్తులు వ్యాజ్యాన్ని విన్నారు. ఇద్దరు వేర్పాటును సమర్థించారు. వేరింగ్ ఒక్కరే విభేదించి, వేరు చేయడమే అసమానత అని తీర్మానించారు.

1952లో పదవీ విరమణ చేసి ఆయన న్యూయార్కు వెళ్లిపోయారు. 1954 మే 17న సుప్రీంకోర్టు, క్లారెండన్ వ్యాజ్యంతో సహా విన్న పాఠశాలల వ్యాజ్యాలలో, ఏకగ్రీవంగా అదే నిర్ణయానికి వచ్చింది. 1968 జనవరి 11న వేరింగ్ కన్నుమూశారు. చార్లెస్టన్‌లో జరిగిన అంత్యక్రియలకు నల్లజాతీయులు పెద్దసంఖ్యలో తరలివచ్చారు. స్వజాతివారు వ్రేళ్లమీద లెక్కించదగినంతమందే. 2014లో ఆ నగరంలో ఆయన విగ్రహాన్ని నిలిపారు. 2015లో అక్కడి ఫెడరల్ న్యాయస్థాన భవనానికి ఆయన పేరు పెట్టారు.

ఉర్దూలో ఇన్సాఫ్ అన్నా, తెలుగులో న్యాయమన్నా అల్పసంఖ్యాకులకు ఆసరా అదే. సంఖ్యాబలం గలవారిలో ఒకరు తమవారి కోపాన్ని భరించి దానిని నిలబెట్టారు. రేపు మనలో ఎవరికైనా అధికారం లభించినప్పుడు, మనకంటె బలహీనుని పక్షాన అట్లే నిలువగలమా అని ఇప్పుడే ప్రశ్నించుకొనడం మేలని మా విన్నపం.