పండిత రమాబాయి గారు: చదువుకున్న చదువును పంచిన తల్లి



కర్ణాటకలో పడమటి కనుమల అడవిలో గంగామూల అను చోటున్నది. 1858 ఏప్రిల్ 23న రమాబాయి గారు అక్కడ జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితులు. ఆడువారికి ఆ విద్య తగదని పెద్దలు ఆక్షేపించినా ఆయన భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పారు. ఆ తల్లి తన కుమార్తెకు నేర్పినది.

1870లలో మద్రాసు రాజధానిలో కరువు వచ్చినప్పుడు తల్లిదండ్రులు, అక్క ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. మిగిలిన అన్నతో కాలినడకన దేశమంతా తిరిగి 1878లో ఆమె కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే సంవత్సరము ఆమె వేరే కులస్థుడైన బిపిన్ బిహారీ గారిని వివాహమాడారు. 1882లో ఆయన కలరాతో మరణించగా, చంటిబిడ్డ మనోరమతో విధవరాలుగా నిలిచారు.

ఆ సంవత్సరమే పూనాలో హంటర్ విద్యా సంఘము ఎదుట సాక్ష్యమిచ్చారు. బాలికల బడులకు శిక్షణ పొందిన ఉపాధ్యాయినులు, స్త్రీ తనిఖీదారులు కావాలని, స్త్రీలకు వైద్యవిద్య ఇవ్వాలని కోరారు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఈ మాట మిక్కిలి విలువైనది.

1883లో ఇంగ్లండు వెళ్లి అక్కడ బాప్తిస్మము పొందారు. తరువాత అమెరికాలో శిశువిద్యా పద్ధతులు అభ్యసించి, 1889 మార్చి 11న బొంబాయిలో విధవరాండ్రకు శారదా సదనము తెరిచారు. మరుసటి సంవత్సరము అది పూనాకు మారినది. మొదటి విద్యార్థినులలో ఒకరైన గోదుబాయిని 1893లో ధోండో కేశవ్ కర్వే గారు పెండ్లాడారు. 1916లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించినది ఈ కర్వే గారే. అయితే 1893లోనే, పిల్లలను క్రైస్తవులను చేయుచున్నదని పట్టణములో నింద లేచినది. చాలామంది తమ పిల్లలను తీసుకొనిపోయారు. ఆదరించిన పెద్దలు దూరమయ్యారు. ఆమె తన విశ్వాసమును దాచుకొనలేదు, బడిని మూయలేదు.

1896-97 కరువులో మధ్య పరగణాలకు వెళ్లి సుమారు 300 మంది బాలికలను తెచ్చి కేడ్గావ్‌లో ఉంచారు. అదే ముక్తి సదనము. అక్కడ చదువుతోపాటు నేత, వ్యవసాయము, అచ్చుపని నేర్పారు. అంధులకు చేతివ్రేళ్లతో చదువుట నేర్పారు. ఒకనాడు తన ఇంటివారిని కరువు తీసుకొనిపోయినది. ఇప్పుడు కరువు విడిచిన పిల్లలకు ఆమె ఇల్లయ్యారు.

చివరి సంవత్సరములలో హెబ్రీ, గ్రీకు నేర్చుకొని, పల్లె స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలోనికి బైబిలును అనువదించారు. 1921లో మనోరమ మరణించినది. ఆ దుఃఖములోనూ పని విడువక, 1922 ఏప్రిల్ 5న ఆమె ప్రభువునందు నిద్రించారు.

ఒక తండ్రి ఇంట్లో నేర్పిన అక్షరము ఎంత దూరము పోయినదో చూడండి. మన ఇండ్లలోని ఆడపిల్లల చదువు విషయము ఆలోచించునప్పుడు ఈ తల్లిని జ్ఞాపకము చేసికొందము.