మంచు రేకుల బెంట్లీ

క్రిస్మసు కార్డులమీద ఆరు కొమ్మలుగల తెల్లని గుర్తు నొకదానిని మన పాఠకులలో అనేకులు చూచియుందురు. శీతల దేశములలో స్త్రీలును పిల్లలును నవంబరు మాసమునుండియే ఈ కార్డులను ఇంటియొద్ద తమ చేతులతో చేసికొందురు. రబ్బరుమీద గాని చెక్కమీద గాని ఆ గుర్తును చెక్కి, తెల్లరంగులో అద్ది, ముదురు నీలి కాగితముపై ఒత్తుదురు. అది ఆరిన తరువాత లోపలి పుటలో శుభాకాంక్షలు వ్రాసి బంధుమిత్రులకు పంపుదురు. 1843వ సంవత్సరమున లండను నగరములో హెన్రీ కోల్ అను ఉద్యోగి హార్స్‌లీ అను చిత్రకారునిచేత మొట్టమొదటి క్రిస్మసు కార్డును వేయించి, ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు అమ్మించెను. కూలివాని కది అందని వెల. చేతి ముద్రతో చేసిన కార్డుకు అంత సొమ్ము పట్టదు.

మన గ్రామములలో కొందరు ఆ గుర్తును బేత్లెహేము నక్షత్రమని తలంతురు. అది నక్షత్రము కాదు, మంచు రేకు. ఇక్కడ మంచు రేకు అనగా మన పొలములమీద తెల్లవారుజామున కమ్ముకొను పొగమంచు గాని గడ్డిపైని మంచు బిందువు గాని కాదు. యోబు గ్రంథము 38వ అధ్యాయము 22వ వచనములో హిమమును వడగండ్లును కలిపి చెప్పబడియున్నవి. వడగండ్లను మనము చూచియున్నాము, వాటి దెబ్బకు పంట పోగొట్టుకొనియున్నాము. హిమమో, దూదివలె నెమ్మదిగా చప్పుడులేక దిగును. ఆ దూది పింజలో ఒక్కొక్క చిన్న రేకును భూతద్దముక్రింద పెట్టి చూచినయెడల ఆరు కొమ్మల నగిషీపని కనబడును. దాని రూపమును లోకమునకు ఫోటోలలో చూపినవాడు పట్టణములోని పండితుడు కాడు, పాడిపశువులను పెంచుకొను ఒక పల్లెటూరి రైతు. ఆయన పేరు విల్సన్ బెంట్లీ.

అమెరికా దేశపు ఈశాన్య భాగములో వెర్మాంటు అను చిన్న రాష్ట్రమున్నది. అందులో జెరికో అను పల్లె కలదు. మన బైబిలులోని యెరికో పేరే ఆ ఊరికి పెట్టిరి. అయితే ఆ యెరికో ఖర్జూరపు చెట్లుగల వేడి ప్రదేశము. ఈ జెరికోలో ఏటేట సుమారు 120 అంగుళముల హిమము పడును. అక్కడ 1865 ఫిబ్రవరి 9వ తేదీన విల్సన్ జన్మించెను. తండ్రి ఎడ్విన్ సేద్యగాడు. తల్లి ఫానీ వివాహమునకు ముందు ఉపాధ్యాయినిగా పనిచేసినది. ఆమె తన కుమారుని పదునాలుగవ యేటివరకు ఇంటియొద్దనే చదివించెను. ఆమెకొక విజ్ఞాన సర్వస్వముండెను; ఆ సంపుటములన్నిటిని ఈ చిన్నవాడు చదివెను. పాఠములు చెప్పుటకు ఆమె ఉపయోగించిన పాత సూక్ష్మదర్శిని ఒకటి ఇంటిలో ఉండెను. పదునైదవ యేట అది అతని చేతికి వచ్చినది.

తోటి పిల్లలు హిమమును ముద్దచేసి ఒకరిపై నొకరు విసరుకొనుచుండగా, ఇతడు చలి గదిలో కూర్చుండి ఒక్కొక్క రేకును అద్దములో చూచి కాగితముపై గీయుచుండెను. మూడు శీతకాలములు ఇట్లు గడచెను. అయితే కొమ్మ చివర గీయకమునుపే రేకు కరగిపోవును. ఒకసారి పోయిన రూపము మరల రాదు. సూక్ష్మదర్శినికి తగిలించి ఫోటో తీయు కెమేరా ఒకటి ఉన్నదని అతడు చదివెను. దాని వెల 100 డాలర్లు. ఆ కాలమున కష్టించి బ్రదుకు రైతు కుటుంబమున కది పెద్ద మొత్తము. తండ్రికి ఇది పనిలేని పనిగా తోచెను. తల్లి పట్టు విడువలేదు. తుదకు తండ్రి డబ్బిచ్చెను. కుమారుని కోరిక తనకు అర్థము కాకపోయినను డబ్బిచ్చిన ఆ తండ్రిని గూర్చి చరిత్ర వ్రాసినవారు తక్కువ మాటలతో సరిపుచ్చిరి. మాకు మాత్రము ఆయన చిన్నవాడుగా తోచుటలేదు.

కెమేరా వచ్చినంతమాత్రమున పని కాలేదు. ఒక శీతకాలమంతయు పలకలన్నియు చెడిపోయెను. నేర్పువారు లేరు. లోనికి వచ్చు వెలుతురును తగ్గించి, ఎక్కువ సేపు తెరచి ఉంచవలెనని తానే కనుగొని, 1885 జనవరి 15వ తేదీన, ఇరువది యేండ్లు నిండకమునుపే, ఒక మంచు రేకును చక్కగా ఫోటో తీసెను. అట్టి పని లోకములో అదే మొదటిదని చెప్పుదురు.

ఆయన పనిచేసిన విధమును కొంచెము వివరించెదము. ఇంటి వెనుక వేడి లేని కొట్టము ఆయన పనిగది. హిమము కురియుచుండగా నల్లరంగు పూసిన పలకను గుమ్మము బయట పట్టుకొనును. చేతి వేడి తగులకుండునట్లు దానికి తీగతో పిడి కట్టబడియుండెను. కొన్ని రేకులు పడగానే లోనికి వచ్చి, ఊపిరి బిగబట్టి, భూతద్దముతో చూచును. విరిగినవాటిని ఈకతో తుడిచివేయును. మంచి దొకటి కనబడినయెడల చీపురు పుల్లవంటి సన్నని పుల్లతో దానిని ఎత్తి గాజు పలకమీద ఉంచి, ఈకతో మెల్లగా అద్దును. ఒక్క ఊపిరి తగిలినను అది నీటిచుక్క యగును. కెమేరా చాల పొడుగైనది గనుక కూర్చున్నచోటునుండి మర అందదు. అందుకు త్రాళ్లను చక్రములను అమర్చుకొనెను. కిటికీ వెలుగే ఆయన దీపము. తరువాత గాజు నెగటివునకు నకలు తీసి, అందులో రేకు చుట్టునున్న పూతను చిన్న కత్తితో ఓపికగా గీకివేయును. అప్పుడు ముద్రించిన ఫోటోలో నల్లని నేలమీద తెల్లని రేకు స్పష్టముగా నిలుచును. ముదురు కాగితముపై తెల్లరంగుతో కార్డులకు వేయు ముద్ర చూపు అందము ఇదే.

ఈ రీతిగా సుమారు 47 యేండ్లు, తుదివరకు అదే కెమేరాతో, 5000లకు పైగా ఫోటోలు తీసెను. ఒక రేకువలె మరియొకటి ఆయనకు కనబడలేదు. పగలు పాలు పిదుకుట, గడ్డి కోయుట మానలేదు. పెండ్లి చేసికొనలేదు. అన్న కుటుంబముతో ఒకే ఇంట కాపురముండి, తల్లి వ్యాధిగ్రస్తురాలై 1906లో గతించువరకు ఆమెకు పరిచర్య చేసెను. పియానోయు వయొలీనును వాయించెడివాడు. ఆ యింటివద్దనే వాన చినుకుల పరిమాణము కొలుచుటకు ఒక యుపాయము కనిపెట్టెను: పిండి పోసిన పళ్లెమును వానలో పెట్టి, చినుకులు చేసిన ఉండలను కొలిచెను. అట్టి శోధన చేసిన మొదటివారిలో ఆయన యొకడు.

ఊరివారు ఏమనిరి? పిచ్చివాడని కొందరు నవ్విరి. ఒకప్పుడు ఆయన తన చిత్రములను తెరమీద చూపి వివరించెదనని ఊరిలో ప్రకటించెను. రుసుము లేదు. ఆ సాయంకాలము వాతావరణమును బాగుండెను. వచ్చినవారు ఆరుగురు! ఆదివారము ఖాళీ బల్లలయెదుట నిలువబడిన బోధకులకు ఆ రాత్రి ఆయన మనస్సు ఎట్లుండెనో వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన ఆ యారుగురికే చూపి ఇంటికి వెళ్లెను.

పదుమూడు శీతకాలములు గడచిన తరువాత, 1898లో, వెర్మాంటు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జార్జి పెర్కిన్సు సహాయముతో ఆయన మొదటి వ్యాసము ఒక మాసపత్రికలో అచ్చయ్యెను. అటుతరువాత వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు 500 చిత్రములను పంపెను. నగలు చేయువారు, బట్టల అద్దకములవారు, పాఠశాలలవారు కొనసాగిరి. గాజు చిత్రము ఒక్కొక్కటి 5 సెంట్లకు అమ్మెను. 1925నాటికి ఆయన లెక్కలో ఈ పనికై వెచ్చించినది 15,000 డాలర్లు, తిరిగి వచ్చినది 4,000 లోపు. 1924లో అమెరికా వాతావరణ శాస్త్ర సంఘము తన మొదటి పరిశోధన గ్రాంటును ఆయనకే ఇచ్చెను. అది 25 డాలర్లు. బేతనియలో అత్తరును గూర్చి యూదా వేసిన లెక్క యోహాను సువార్త 12వ అధ్యాయములో ఉన్నది. అట్టి లెక్క వేయువారు జెరికోలోను ఉండిరి, ప్రతి ఊరిలోను ఉందురు. అయితే బెంట్లీని మరియతో సమానముగా నిలుపుట మా ఉద్దేశము కాదు. ఆయన బోధకుడు కాడు, మిషనెరీ కాడు. తనకు ఆనందము కలిగించిన పనిని చేసెను. ధనికులతో తన బ్రదుకును మార్చుకొనుటకు ఇష్టము లేదని చెప్పుకొనెను.

ఆయనపై ఒక నింద కూడ వచ్చినది. దానిని దాచుట న్యాయము కాదు. జర్మనీలో హెల్మాన్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు, నాయ్‌హౌస్ అను ఫోటోలు తీయువానితో కలిసి, 1893లో మంచు రేకులను గూర్చి గ్రంథము ప్రకటించెను. వారి చిత్రములలో రేకులు వంకరలు, కొమ్మలు సమముగా లేవు. బెంట్లీ అందమైనవాటిని మాత్రమే ఏరుకొనుచున్నాడనియు, అంచులను గీకి రూపము మార్చుచున్నాడనియు హెల్మాన్ ఆక్షేపించెను. ఈ ఆక్షేపణలో కొంత నిజమున్నది. ఆకాశమునుండి దిగువాటిలో ఎక్కువ భాగము విరిగినవి, ఒక కొమ్మ పొట్టివి, ఒకదానికొకటి అంటుకొన్నవి. పలకమీద పడినవాటిలో బెంట్లీ ఈకతో తుడిచివేసినవే ఎక్కువ. చుట్టును ఉన్న నేలను మాత్రమే తీసివేయుచున్నానని ఆయన సమాధానము. మేమైతే ఇద్దరి చిత్రములును కావలెనందుము. కార్డు చేయువారు ఒక కొమ్మ విరిగిన రేకును చెక్కరు; కాని అదియు పైనుండి దిగినదే, పొలమును తడుపుటలో దానికిని పాలున్నది. యెషయా 55వ అధ్యాయము 10వ వచనము చదివినవారికి ఇది తెలియును.

కొమ్మలు ఆరే యేల? ఈ ప్రశ్నను బెంట్లీకి ముందే ఒకడు వేసెను. మొదట లూథరన్ పాదిరి కావలెనని వేదాంతము చదివి, తరువాత గ్రహముల గమనమును లెక్కించిన కెప్లరు పండితుడే అతడు. 1611లో ప్రాగు నగరమున తన పోషకునికి నూతన సంవత్సరపు కానుకగా ఆరు మూలల మంచు రేకును గూర్చి చిన్న పుస్తకము వ్రాసి ఇచ్చెను. కార్డులు పుట్టకమునుపే మంచు రేకును శుభాకాంక్షగా పంపినవాడు! అయితే కారణము తనకు తేలలేదని ఒప్పుకొనెను. 20వ శతాబ్దమున ఎక్స్‌రే కిరణముల సహాయముతో సంగతి బయటపడెను. నీటి అణువులు గడ్డకట్టునప్పుడు తేనెపట్టు గదులవలె ఆరు మూలలుగా పేర్చబడును. మేఘములో ధూళి రేణువుమీద మొదలైన ఆ ఆరు మూలల పలుకలో మూలలు త్వరగా పెరిగి కొమ్మలగును. చలియు తేమయు గడియగడియకు మారును గనుక, ఏ రేకు ప్రయాణము దానిది. 1936లో జపాను దేశములో నకయా అను ఆచార్యుడు కుందేలు వెండ్రుకపై మొదటిసారి కృత్రిమముగా మంచు రేకును పెంచెను.

కాబట్టి కార్డులు చేయు పిల్లలకు ఒక మాట. అయిదు కొమ్మలు, ఎనిమిది కొమ్మలు చెక్కవద్దు. అచ్చువేసిన కార్డులలో సహితము ఈ తప్పు తరచుగా కనబడును. వృత్తలేఖినితో వలయము గీసి, ఆ కొలత మార్చక వలయముమీద అడుగులు వేసినయెడల సరిగా ఆరవ అడుగున మొదటి చోటికి వత్తురు. ఆ ఆరు గుర్తులకు నడిమినుండి గీతలు గీసి, బంగాళాదుంపను అడ్డముగా కోసి, దానిపై ఆ రూపమును ఎక్కించి చుట్టును చెక్కిన చాలును. దుంప తడిని గుడ్డతో ఒత్తి తీసిన తరువాతనే రంగు అద్దవలెను. బెంట్లీ చేసినట్లు, రేకును ఉంచి చుట్టునున్నదానిని తీయవలెను.

1928 ఫిబ్రవరిలో ఒక్క తుపానులోనే సుమారు నూరు చిత్రములు ఆయనకు దొరకెను. అప్పుడాయనకు 63 యేండ్లు. 1931లో వాతావరణశాఖకు చెందిన హంఫ్రీస్ పండితుడు ముందుమాటలు వ్రాయగా, 2,400లకు పైగా చిత్రములతో ఆయన గ్రంథము వెలువడెను. అది చేతికి వచ్చిన కొద్ది వారములకే హిమము కురియుచుండగా ఆయన దూరము నడచి ఇల్లు చేరెను. చలి ఊపిరితిత్తులకు పట్టి, నిమోనియాగా మారెను. డిసెంబరు 23వ తేదీన, క్రిస్మసుకు రెండు దినములు ముందు, పుట్టిన ఊరిలోని ఆ యింటనే కన్ను మూసెను. జెరికో శ్మశానవాటికలో పాతిపెట్టిరి. ఆయన గాజు పలకలను బఫెలో నగరపు విజ్ఞాన ప్రదర్శనశాల భద్రపరచెను. జెరికోలో ఒక పాత పిండిమరలో ఆయన చిత్రములను చూపుచున్నారు. ఆరుగురే వచ్చిన ఆ ఊరికి ఇప్పుడు దూరదేశములనుండి జనులు వచ్చి వాటిని చూచి పోవుచున్నారు.

ఈ మాసపు కుటుంబ ప్రార్థనలలో చదువదగిన భాగములు: యోబు 38వ అధ్యాయము, 147వ కీర్తన, యెషయా 55వ అధ్యాయము.