ఇసుక బాట

పరిణామ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్ పేరు వినని విద్యార్థి ఉండడు. బీగిల్ నౌకలో ఐదేళ్లు ప్రపంచాన్ని చుట్టివచ్చిన అన్వేషకునిగా, జీవశాస్త్ర గమనాన్నే మార్చిన గ్రంథకర్తగా ఆయన జగత్ప్రసిద్ధుడు. పదేళ్ల కూతురిని పోగొట్టుకొని ఆ దుఃఖాన్ని జీవితాంతం మోసిన తండ్రిగా ఆయనను ఎరిగినవారు మాత్రం తక్కువ.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. 1839లో మేనమామ కుమార్తె ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను వివాహమాడి, 1842లో లండన్ నగరానికి దూరంగా కెంట్ ప్రాంతంలోని డౌన్ గ్రామంలో స్థిరపడ్డాడు. వారికి పదిమంది సంతానం. వారిలో పెద్ద కుమార్తె ఆనీ. 1841 మార్చి 2న జన్మించిన ఈ బాలిక తండ్రికి ప్రాణసమానం. అరగంటసేపైనా విసుగు లేకుండా ఆయన జుట్టు సవరిస్తూ కూర్చునేది. ఆయనకు ప్రీతికరమైన నస్యాన్ని చిటికెడు దొంగిలించి, పరుగున మెట్లు దిగి తెచ్చి ఇచ్చేది. నిఘంటువులో పదాలు, పటాలలో ఊళ్లు వెదకడం ఆమెకు ఆట.

1846లో డార్విన్ ఇంటి సమీపంలో ఎకరన్నర నేలను కౌలుకు తీసుకొని, చెట్లు నాటించి, వాటి చుట్టూ ఒక బాట వేయించాడు. అదే ఇసుక బాట. ప్రతిదినం మధ్యాహ్నవేళ ఇనుప పొన్ను వేసిన చేతికర్ర నేలకు తాటిస్తూ అక్కడ నడిచేవాడు. చుట్లు లెక్క తప్పకుండా మలుపువద్ద చెకుముకిరాళ్లు కుప్పగా పోసుకొని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక రాయిని కాలితో తన్నేవాడు. వేలకొలది జీవజాతుల చరిత్రను లెక్కించిన మేధావి, తన అడుగుల లెక్కకు రాళ్లను ఆశ్రయించడం ముచ్చటగా లేదూ! తండ్రి ఎంత వేగంగా నడిచినా ఆనీ ఆయనను దాటిపోయి, గిరగిర తిరుగుతూ, నవ్వుతూ ముందు సాగేది.

1850 వేసవి నుండి ఆమె ఆరోగ్యం క్షీణించింది. మాల్వెర్న్ పట్టణంలో డాక్టర్ గల్లీ చేసే జలచికిత్స వలన 1849లో డార్విన్‌కు ఉపశమనం కలిగింది. ఆ నమ్మకంతోనే 1851 మార్చిలో బిడ్డను అక్కడికి తీసుకువెళ్లాడు. నిండు చూలాలైన ఎమ్మా వెంట వెళ్లలేకపోయింది. ఏప్రిల్‌లో వ్యాధి ముదిరినప్పుడు డార్విన్ మంచం పక్కనే ఉండి, బిడ్డ స్థితిని భార్యకు ఎప్పటికప్పుడు జాబులలో తెలిపేవాడు. ఒకనాటి జాబులో ఆశ, మరునాటి జాబులో నిరాశ. ఏప్రిల్ 23న ఆనీ కన్నుమూసింది. అది క్షయ అయి ఉండవచ్చునని నేటి పరిశోధకుల ఊహ. అంత్యక్రియలకైనా ఆగక ఆయన భార్యను ఓదార్చడానికి ఇంటికి బయలుదేరాడు. ఈ నిర్ణయాన్ని తప్పుపట్టడం తగదు. రెండు శోకాలలో బ్రతికి ఉన్నవారి శోకానికే ఆయన ముందు చేయి అందించాడు.

పుత్రశోకంతో ప్రాణాలు విడిచిన దశరథుని కథ మనకు తెలిసిందే. డార్విన్ మరొక మార్గం పట్టాడు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 30న, కలం చేతబట్టి ఆనీ నడక, నవ్వు, చేష్టలు, చిన్నచిన్న అలవాట్లు అన్నింటినీ కాగితంపై పెట్టాడు. కాలం గడిచేకొద్దీ జ్ఞాపకాలు మసకబారుతాయేమోనన్నదే ఆయన భయం. పరలోకంలో కలుసుకొంటామనే ఊరట ఆ రచనలో లేదు. ఇసుక బాటపై ఆమె తిరిగిన తీరు మాత్రం ఉన్నది.

పిదప ఆయన యథాప్రకారం సముద్రజీవులైన బార్నకిల్స్ పరిశోధనకు, మధ్యాహ్నపు నడకకు మరలాడు. అదే బాట, అవే చెట్లు. ముందు పరుగుతీసే పాప లేదు. ఆ చోటును విడిచిపెట్టడానికి బదులు ఆయన ప్రతిదినం అక్కడికే వెళ్లాడు. ఒకమారు అడవిలో కదలక నిలిచి ఉండగా ఉడుతపిల్లలు ఆయన కాళ్లమీదుగా వీపుపైకి ఎగబ్రాకాయట. తల్లి ఉడుత చెట్టుపై నుండి ఆక్రోశించిందని కుమారుడు ఫ్రాన్సిస్ వ్రాశాడు.

1858 జూన్ 28న పసిబిడ్డ చార్లెస్ కూడా స్కార్లెట్ జ్వరంతో మరణించాడు. మూడు రోజుల తరువాత లండన్‌లో పరిణామ సిద్ధాంతం మొదటిసారి చదివి వినిపించినప్పుడు డార్విన్ ఆ సభలో లేడు.

1863 సెప్టెంబరులో మాల్వెర్న్ వెళ్లిన ఎమ్మాకు ఆనీ సమాధి మొదట కనబడనే లేదు. వెదకగా తరువాత దొరికింది. ఆ నెలలోనే మిత్రుడైన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ తన ఆరేళ్ల కూతురిని కోల్పోయాడు. కాలం బాధను తగ్గిస్తుంది గాని బిడ్డను మరపింపజేయదని డార్విన్ ఆయనకు జాబు వ్రాశాడు. అనుభవం లేనివాడు ఆ మాట వ్రాయలేడు. 1876లో ఆత్మకథ వ్రాసేనాటికి ఆనీ పోయి పాతికేళ్లు. అయినా ఆమె తలపుకు రాగానే కన్నీరు వచ్చేదని అందులో ఒప్పుకొన్నాడు.

1882 మార్చి 7న నడకకు వెళ్లిన డార్విన్‌కు గుండెనొప్పి వచ్చింది. ఎంతో కష్టంమీద ఇల్లు చేరాడు. ఇసుక బాటకు ఆయన వెళ్లడం అదే కడపటిసారి. ఏప్రిల్ 19న తుదిశ్వాస విడిచాడు. ఆనీ కలాలు, కాగితాలు, కుట్టుపని వస్తువులు ఉన్న చిన్న పెట్టెను ఎమ్మా 1896లో మరణించే వరకు తనవద్దనే భద్రంగా దాచుకొన్నది.