దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘసేవిక, భారత రాజ్యాంగ సభ సభ్యురాలు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. స్థానికంగా పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనాన్ని గ్రాంటుగా ఇచ్చి, వాటి ద్వారా బాలవాడులు, వయోజన విద్యా తరగతులు, వృత్తి శిక్షణ నడిపించే పద్ధతి ఈ బోర్డు ద్వారానే దేశమంతటా వ్యాపించింది. బడి వయసు దాటిపోయిన స్త్రీలకు తిరిగి చదువుకొనే అవకాశం కల్పించడం ఈమె జీవితంలోని ముఖ్యమైన కృషి.

బాల్యం

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. బాల్యం కాకినాడలో గడిచింది. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళ వయసులోనే బంధువుల అబ్బాయితో వివాహం జరిపించారు. యుక్తవయసు వచ్చిన తరువాత ఆమె ఆ వివాహబంధాన్ని కొనసాగించడానికి ఇష్టపడలేదు. కాపురానికి వెళ్ళకముందే ఆ బంధం నుండి తప్పుకొన్నది.

ఆంగ్ల మాధ్యమానికి నిరసనగా చిన్నతనంలోనే బడి మానివేసింది. ఇంటివద్దనే హిందీ నేర్చుకొని, తాను నేర్చినదానిని ఇరుగుపొరుగు స్త్రీలకు, బాలికలకు నేర్పడం మొదలుపెట్టింది. కాకినాడలో ఆమె ప్రారంభించిన బాలికా హిందీ పాఠశాల ఈ విధంగా ఏర్పడినదే. నడిపే బాలికకూ, చదువుకొనే స్త్రీలలో చాలామందికీ బడి చదువు లేదు. ఇంటిపనులు ముగిసిన తరువాత దొరికిన సమయమే వారికి తరగతి సమయం. దుర్గాబాయి తరువాతి కాలంలో నెలకొల్పిన సంస్థలన్నింటికీ ఈ పాఠశాలే బీజమని చెప్పవచ్చు.

గాంధీ కాకినాడ పర్యటన

1921 ఏప్రిల్‌లో మహాత్మా గాంధీ కాకినాడ వచ్చాడు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు నిండలేదు. దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీ మాటలు వినాలని, అందుకు ప్రత్యేకంగా ఒక సభ ఏర్పాటు చేయాలని ఆమె కోరింది. అయిదు వేల రూపాయల నిధి సమకూర్చి ఇస్తే అయిదు నిమిషాల సమయం ఇప్పిస్తామని స్థానిక నిర్వాహకులు షరతు పెట్టారు. దేవదాసీల సహాయంతో ఆ మొత్తం సమకూరింది. సభ అనుకొన్న అయిదు నిమిషాలకు మించి సాగింది. స్త్రీలు తమ ఒంటిమీది నగలను తీసి నిధికి ఇచ్చారు. గాంధీ హిందీ ఉపన్యాసాన్ని దుర్గాబాయి తెలుగులోకి అనువదించింది. ఆ అనువాదం నచ్చి, తరువాత జరిగిన బహిరంగ సభలో కూడా ఆయన ఆమెచేతనే అనువాదం చెప్పించుకొన్నాడు.

1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖాదీ ప్రదర్శనశాల వద్ద ఆమె స్వచ్ఛంద సేవికగా పనిచేసింది. టిక్కెట్టు లేని వారిని లోపలికి పంపరాదన్న నియమం ప్రకారం జవాహర్‌లాల్ నెహ్రూను సైతం ద్వారం వద్ద ఆపివేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చిన తరువాతనే ఆయనను లోపలికి అనుమతించింది.

ఉప్పు సత్యాగ్రహం, కారాగారవాసం

1930లో మద్రాసులో టంగుటూరి ప్రకాశం తదితరులతో కలసి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నది. ఆ సందర్భంలో అరెస్టయి శిక్ష అనుభవించింది. 1930 - 1933 మధ్యకాలంలో మొత్తం మూడుసార్లు జైలుకు వెళ్ళింది. రాయవెల్లూరు, మధుర జైళ్ళలో గడిపిన ఆ కాలంలో ఏకాంత నిర్బంధాన్ని కూడా అనుభవించింది.

జైలులో తోటి స్త్రీ ఖైదీలను ఆమె దగ్గరగా చూసింది. వారిలో చాలామందికి చదువు రాదు. తమమీద మోపిన నేరమేమిటో, తమకు వేసిన శిక్షకు కారణమేమిటో కూడా తెలియని వారు ఉన్నారు. ఇటువంటి స్త్రీలకు ఉపయోగపడాలంటే తాను న్యాయశాస్త్రం చదవాలని దుర్గాబాయి నిశ్చయించుకొన్నది. అయితే న్యాయశాస్త్రం చదవడానికి పట్టా ఉండాలి, పట్టాకు ముందు మెట్రిక్యులేషను ఉండాలి. ఇరవై ఏళ్ళు దాటిన ఆమెకు అప్పటికి ఏదీ లేదు.

చదువు

విడుదలైన తరువాత ఆమె ప్రైవేటుగా చదివి బనారసు హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలయింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు చదవడానికి వెళ్ళినపుడు అక్కడ బాలికలకు వసతిగృహం లేదు. కట్టమంచి రామలింగారెడ్డి అప్పుడు ఉపాధ్యక్షుడుగా ఉన్నాడు. విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండి వసతి లేక ఆగిపోయిన బాలికలు తనకు తెలియజేయవలసిందిగా దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించింది. ముందుకు వచ్చిన బాలికలతో వసతిగృహం మొదలయింది. 1939లో రాజనీతి శాస్త్రంలో పట్టా పొంది, ఆ తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి న్యాయవాద వృత్తి చేపట్టింది.

ఆంధ్ర మహిళా సభ

1930ల మధ్యకాలంలో దుర్గాబాయి మద్రాసు మైలాపూరులో ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళలోని బాలికలను చేర్చి, వారికి హిందీ, సంగీతం, నాటకాలు, ఆటలు నేర్పే చిన్న సంఘాన్ని ఏర్పరచింది. దానికి లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని పేరు. ఈ బాలల సంఘమే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపొందింది. పిఠాపురం మహారాణి చిన్నమాంబాదేవి సభకు అండగా నిలిచింది.

సభ చేపట్టిన ముఖ్యమైన పని బనారసు మెట్రిక్యులేషను తరగతులు. బాల్యంలోనే పెళ్ళి జరిగినవారు, వితంతువులు, భర్త ఆదరణ కోల్పోయినవారు మామూలు బడిలో చిన్నపిల్లల సరసన కూర్చొని మొదటి తరగతి నుండి చదువుకొనే వీలు ఆనాడు లేదు. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఏడాది వెచ్చించే స్తోమతు కూడా వారికి లేదు. పెద్దవయసు వారికి గ్రహణశక్తి, పట్టుదల ఎక్కువగా ఉంటాయి కనుక తక్కువ కాలంలోనే వారిని పరీక్షకు సిద్ధం చేయవచ్చునని దుర్గాబాయి తన అనుభవంతోనే గ్రహించింది. చదువుతోపాటు చేతిపనులు, నర్సింగు వంటి వృత్తులలో శిక్షణ ఇచ్చి, వారు తమ కాళ్ళమీద తాము నిలబడేటట్లు చేయడం సభ ఆశయం. సభ తరఫున ఆంధ్ర మహిళ అనే పత్రికను దుర్గాబాయి నడిపింది.

ఆ రోజులలో ఇటువంటి సంస్థలు విరాళాల మీదనే ఆధారపడేవి. దాతలు ఇచ్చిన ఏడాది సంస్థ నడిచేది, ఇవ్వని ఏడాది ఉపాధ్యాయినులకు జీతాలు కూడా కష్టమయ్యేవి. ఈ ఇబ్బందిని స్వయంగా ఎరిగినది కావడంవల్లనే, తరువాత ప్రభుత్వ ధనాన్ని పంచే స్థానంలోకి వచ్చినపుడు ఆమె చిన్న సంస్థల అవసరాలను గుర్తించగలిగింది.

రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం

దుర్గాబాయి 1946లో మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయింది. సభాధ్యక్షుల జాబితాలో స్థానం పొందిన ఏకైక మహిళ ఆమె. జాతీయభాషగా హిందుస్తానీని సమర్థించింది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 నుండి 30 ఏళ్ళకు తగ్గించాలన్న సవరణ ఆమె ప్రతిపాదించినదే. ఢిల్లీలో స్థిరపడిన తెలుగువారి పిల్లల చదువుకోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడడానికి కూడా కృషిచేసింది.

1952 సాధారణ ఎన్నికలలో ఓడిపోయిన తరువాత ఆమెను ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమించారు. అక్కడ సాంఘిక సేవా రంగం ఆమె బాధ్యత. 1953 జనవరి 22న అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరుగా పనిచేసిన చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకొన్నది.

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు

1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పురుషులలో 27.16 శాతం, స్త్రీలలో 8.86 శాతం మాత్రమే అక్షరాస్యులు. స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన సంక్షేమ కార్యక్రమాలను అప్పటివరకు చాలామట్టుకు స్వచ్ఛంద సంస్థలే నడుపుతూ వచ్చాయి. వాటికి ప్రత్యామ్నాయంగా ప్రభుత్వ శాఖను నెలకొల్పడం కంటే, ఉన్న సంస్థలను బలపరచడం మేలని దుర్గాబాయి భావించింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇందుకోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ ధనాన్ని పంచడానికి 1953 ఆగష్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. సంఘసేవలో అనుభవం ఉన్న అనధికారులకు ఇందులో ప్రాధాన్యం లభించింది. మరుసటి సంవత్సరం నుండి రాష్ట్రాలలో కూడా సలహా బోర్డులు ఏర్పడ్డాయి.

గ్రాంటు కోరే సంస్థ తన కార్యక్రమాన్ని, లెక్కలను బోర్డుకు చూపాలి. ఖర్చులో కొంతభాగాన్ని స్థానికంగా సమకూర్చుకోవాలి. స్థానికులు తమవంతు వేసుకొన్నప్పుడే ఆ కార్యక్రమం తమదన్న భావం వారికి కలుగుతుందన్నది ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన.

ఈ పద్ధతిలోని లోపం త్వరలోనే బయటపడింది. సంస్థలు ఉన్నచోటికే గ్రాంటు వెళుతుంది. సంస్థలు ఎక్కువగా పట్టణాలలోనే ఉన్నాయి. దరఖాస్తు వ్రాసి, లెక్కలు చూపి, తమవంతు ధనం సమకూర్చగలిగిన సంఘాలు పల్లెలలో అరుదు. సహాయం ఎక్కువ అవసరమైన చోటికే అది చేరడం లేదు. దీనిని సరిదిద్దడానికి బోర్డు 1954 ఆగష్టు 15న గ్రామాలలో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులను ప్రారంభించింది. ఒక్కొక్క ప్రాజెక్టు కొన్ని గ్రామాల సముదాయానికి సేవలు అందించేది. కేంద్రాలలో గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనులు నేర్పే ఉపాధ్యాయిని పనిచేసేవారు. పిల్లలకు బాలవాడి, తల్లులకు ప్రసూతి సహాయం, స్త్రీలకు అక్షరాభ్యాసం, కుట్టుపని వంటివి అక్కడి కార్యక్రమాలు. తరువాత ఈ ప్రాజెక్టులను సమాజాభివృద్ధి పథకంతో అనుసంధానించారు.

అయితే ఈ కేంద్రాలకు కొత్త చిక్కు ఎదురయింది. పల్లెలో పనిచేయడానికి గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు కావాలి. ఆ ఉద్యోగాలకు కావలసిన కనీస చదువు ఉన్న స్త్రీలు పల్లెలలో దొరకడం లేదు. దీనికి సమాధానంగా బోర్డు 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రవేశపెట్టింది. స్వచ్ఛంద సంస్థలు బోర్డు గ్రాంటుతో స్త్రీలకు సుమారు రెండేళ్ళలో మిడిల్ స్కూలు లేదా మెట్రిక్యులేషను స్థాయి చదువు చెప్పించేవి. మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ ఇరవై ఏళ్ళ క్రితం చేసిన ప్రయోగమే ఈ విధంగా జాతీయ పథకమయింది. వీటిలో చదివిన స్త్రీలు ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా, నర్సులుగా స్థిరపడ్డారు.

బోర్డు 1969 ఏప్రిల్ 1న కంపెనీల చట్టం కింద నమోదయింది.

స్త్రీ విద్యా సంఘం

కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ 1958లో దుర్గాబాయి అధ్యక్షతన జాతీయ స్త్రీ విద్యా సంఘాన్ని నియమించింది. 1959లో సమర్పించిన నివేదిక స్త్రీ విద్యను ప్రత్యేక సమస్యగా గుర్తించాలని, బాలబాలికల చదువులో ఉన్న అంతరాన్ని తొలగించడానికి ప్రత్యేక నిధులు కేటాయించాలని సూచించింది. ఈ నివేదిక ఫలితంగా 1959లో జాతీయ స్త్రీ విద్యా మండలి ఏర్పడింది.

తరువాతి కృషి

1953లో చైనా పర్యటనలో అక్కడి కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించిన దుర్గాబాయి, అటువంటివి భారతదేశంలో కూడా అవసరమని సూచించింది. ఆమె మరణించిన తరువాత, 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో ఢిల్లీలో శ్రీ వెంకటేశ్వర కళాశాల ఏర్పడడంలో ఆమె పాత్ర ఉంది. 1962లో ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించింది. అంధుల విద్య, ఉపాధి కోసం కూడా పాటుపడింది. ఆంధ్ర మహిళా సభ కార్యక్రమాలు హైదరాబాదుకు విస్తరించి, అక్కడ కళాశాల, వైద్యశాల, అక్షరాస్యతా కేంద్రం వెలిశాయి.

గౌరవాలు, మరణం

1971లో నెహ్రూ అక్షరాస్యతా పురస్కారాన్ని, 1975లో పద్మవిభూషణ్ పురస్కారాన్ని అందుకొన్నది. అదే సంవత్సరం ఆమె భర్త చింతామణ్ దేశ్‌ముఖ్‌కు కూడా పద్మవిభూషణ్ లభించింది. ఆంధ్ర మహిళా సభ చరిత్రను, తన ఆత్మకథను ఆమె ఆంగ్లంలో గ్రంథస్థం చేసింది. 1981 మే 9న దుర్గాబాయి మరణించింది. 1982లో భారత తపాలాశాఖ ఆమె స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసింది. ఢిల్లీ మెట్రోలో దక్షిణ ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణం వద్ద ఉన్న స్టేషనుకు, హైదరాబాదు విద్యానగర్‌లోని వైద్యశాలకు ఆమె పేరు పెట్టారు.